మీకు తెలుసా? కారు బేరం కాగితం కింది సగంలో ఉంది!

రైతుబజారులో కొత్తిమీర కట్ట 10 రూపాయలంటే ఊరుకుంటామా? కొసరు వెయ్యమంటాం! కరివేపాకు రెమ్మయినా సంచిలో పడందే కదలం! అదే మనం కారు షోరూంలోకి అడుగుపెడితే? ఏసీ చల్లదనానికి, చేతికిచ్చిన కాఫీ కప్పుకి మెత్తబడిపోతాం! చూపించిన చోటల్లా సంతకం పెట్టేస్తాం! అక్కడా కొసరుంది! ఎక్కడ దాక్కుందో చెబుతా, కుర్చీ కాస్త దగ్గరకు జరుపుకోండి!

మొన్న విజయవాడలో మా బాబాయికి ఓ షోరూంవాళ్లు ఇచ్చిన కొటేషన్ చూశాను. పైన పెద్ద అక్షరాల్లో ఎక్స్‌షోరూమ్ ధర. కింద చీమల బారులా చిన్న అక్షరాలు! లెక్కపెడితే మొత్తం 11 పద్దులు! బాబాయి గంటసేపు పై పద్దు మీదే పోట్లాడాడు. అది ఇంచు కదల్లేదు! కదిలేవన్నీ కింద ఉన్నాయి మరి! ఆయన కళ్లజోడు ఇంట్లో మరిచిపోయాడు!

పై పద్దు ఎందుకు కదలదో తెలుసా? దేశంలోని వాహన డీలర్ల సంఘం పేరు ఫాడా. వాళ్లు కార్ల కంపెనీలను ఏళ్ల తరబడి ఏమని బతిమాలుతున్నారో వినండి: మాకు కనీసం 7 శాతం మార్జిన్ ఇవ్వండని! అంటే ఆ మాత్రం కూడా చాలామందికి చేతికి రావడం లేదన్నమాట! 8 లక్షల కారు మీద "లక్ష తగ్గించు బాబూ" అంటే షోరూం కుర్రాడు నవ్వక ఏం చేస్తాడు!

సరే, కింది పద్దుల్లోకి దిగుదాం. హ్యాండ్లింగ్ ఛార్జీలు! గొప్ప పేరు! కారును యార్డు నుంచి షోరూంకి తెచ్చినందుకట! తేకుండా ఎలా అమ్ముతారండీ? ఇందులో రవాణా శాఖకు వెళ్లేది ఎంతో తెలుసా? 0 రూపాయలు! రవాణా శాఖ రుసుముల్లో ఇలాంటి పద్దే లేదు! "ఇది ఏ రూలు ప్రకారం? రాసివ్వండి" అని నెమ్మదిగా అడిగి చూడండి. చాలా చోట్ల కాగితం మీద గీత పడిపోతుంది!

రిజిస్ట్రేషన్ అని వేలల్లో రాశారా? గుండె పట్టుకోకండి! సొంత కారుకు కేంద్రం పెట్టిన రిజిస్ట్రేషన్ రుసుము 600 రూపాయలు! అవును, ఆరు వందలే! అప్పు మీద కొంటే బ్యాంకు పేరు ఎక్కించడానికి ఇంకొంత, కార్డుకు, పోస్టుకు, సర్వీసుకు మరికొంత. అన్నీ కలిపినా అన్ని వేలు ఎలా అయ్యాయో వాళ్లనే కూడి చూపించమనండి! రవాణా శాఖ రసీదు నకలు అడగండి, అంతే!

నంబరు ప్లేటుకు విడిగా డబ్బులా? ఆగండాగండి! 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన ప్రతి కారుకూ హై సెక్యూరిటీ ప్లేటు కంపెనీయే పంపాలి, డీలరే బిగించాలి! ఫాస్టాగ్ సంగతీ అంతే. కొత్త కారు అద్దానికి అది అంటించి ఇవ్వాల్సిన బాధ్యత అమ్మేవాళ్లదే!

ఇక అసలు గని బీమా! ఇక్కడ కాస్త కూర్చుందాం.

"సార్, ఇన్సూరెన్స్ మా దగ్గరే తీసుకోవాలి, లేకపోతే డెలివరీ ఇవ్వం" అంటారు చూడండి! అలా బలవంతపెట్టడానికి వీల్లేదు! వాహన డీలర్లు బీమా అమ్మేటప్పుడు ఎలా నడుచుకోవాలో 2017లోనే నిబంధనలు వచ్చాయి! వాటిని పెట్టిన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఎక్కడుందనుకున్నారు? ఢిల్లీలోనో ముంబయిలోనో కాదు, మన హైదరాబాద్‌లోనే!

బీమా కాగితంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి థర్డ్ పార్టీ, మన కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి. దీని రేటు అన్ని కంపెనీలకూ ఒక్కటే! 2022 జూన్ నుంచి అమల్లోకొచ్చిన పట్టికలో 1000 నుంచి 1500 సీసీ కొత్త కారుకు 3 ఏళ్లకు కలిపి 10,640 రూపాయలు, పైన జీఎస్‌టీ. ఎవరిని అడిగినా అంతే! రూపాయి తగ్గదు, రూపాయి పెరగకూడదు! మరి బయట తీసుకుంటే ఎందుకు తక్కువకొస్తోంది? మహిమంతా రెండో ముక్కది! సొంత కారు దెబ్బతింటే ఇచ్చే 'ఓన్ డ్యామేజ్' ముక్క. దాని రేటు కంపెనీ కంపెనీకీ మారిపోతుంది! ఫోన్ తీసి అక్కడికక్కడే ఇంకో రెండు కంపెనీల ధరలు చూడండి. పక్కనున్న ఎగ్జిక్యూటివ్ "ఒక్క నిమిషం సార్, మేనేజర్‌గారితో మాట్లాడి వస్తా" అని లేస్తాడు! తిరిగొచ్చేసరికి అంకె సన్నబడి ఉంటుంది!

కానీ ఒక చిక్కుంది, వినండి. పోల్చేటప్పుడు ఐడీవీ అనే అంకె రెండు చోట్లా ఒకటే ఉండాలి! కారు పోతే బీమా కంపెనీ ఇచ్చే గరిష్ఠ సొమ్ము అది. సరికొత్త కారుకే 5 శాతం తరుగు తీసేసి లెక్క కడతారు! మీరింకా సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు, 8 లక్షల బండి బీమా దృష్టిలో 7 లక్షల 60 వేలు! ఐడీవీ ఇంకా తగ్గించేసి "చూడండి సార్, మా ప్రీమియం ఎంత చవకో" అనేవాళ్లూ ఉన్నారు!

ఇది మాత్రం బంగారం! పాత కారు మీద వరుసగా 5 ఏళ్లు క్లెయిం చేయలేదా? మీకు నో క్లెయిం బోనస్ 50 శాతం! అది కారుది అనుకుంటారు చాలామంది. కాదు, మీది! పాత కారు అమ్మేసినా బోనస్ మీ వెంటే వస్తుంది! పాత బీమా కంపెనీ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకుంటే కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియం సగానికి సగం! షోరూంలో ఎవరైనా ఈ మాట గుర్తుచేశారా? మా బాబాయికైతే చెయ్యలేదు. ఆయన ఆరేళ్లుగా గీత పడకుండా నడిపిన మనిషి!

ఇంతలో ఓ తమాషా. కొన్నిసార్లు ఏ బేరమూ ఆడకుండానే ధర ఢమాలున పడిపోతుంది! 2025 సెప్టెంబరు 22న చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, 1 శాతం సెస్సూ ఎగిరిపోయింది! పన్ను లేకుండా 5 లక్షలయ్యే కారు రాత్రికి రాత్రి 6 లక్షల 45 వేల నుంచి 5 లక్షల 90 వేలకు వచ్చేసింది! 55 వేలు! ముందురోజు సాయంత్రం ముహూర్తం బాగుందని బిల్లు చేయించుకున్నవాళ్ల గురించి మాట్లాడుకోవద్దు లెండి, పాపం!

కార్ల ధరలు 9 లక్షల 99 వేల దగ్గర ఎందుకు ఆగుతాయి? చెప్పుల దుకాణం కిటుకే అనుకున్నారా? అంతకన్నా పెద్ద కథ! తెలంగాణలో 5 నుంచి 10 లక్షల మధ్య కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం. 10 లక్షలు దాటిందా, శాతం అంతకన్నా పైకి ఎగురుతుంది! అదీ దాటిన ముక్క మీద కాదు, మొత్తం ధర మీద! అంటే కారు ధర 2 వేలు పెరిగి గీత దాటితే పన్ను 30 వేలకు పైగా పెరుగుతుంది! ఆ గీత దగ్గర తచ్చాడుతున్న వేరియంట్ ఏదైనా నచ్చితే ఒక్కసారి కాలిక్యులేటర్ తీయండి!

10 లక్షలు దాటితే ఇంకో చిన్న పద్దు పుట్టుకొస్తుంది. టీసీఎస్, 1 శాతం! 12 లక్షల కారుకు 12 వేలు! కానీ ఏడవకండి, ఇది ఖర్చే కాదు! మీ పాన్ నంబరు మీద జమయ్యే ఆదాయపు పన్ను! రిటర్ను వేసినప్పుడు కలుపుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి కూడా వస్తుంది! ఎంతమంది దీన్ని మరిచిపోయి వదిలేస్తారో!

విద్యుత్ కారు చూస్తున్నారా? తెలంగాణలో రిజిస్టరు చేసే విద్యుత్ కారుకు 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను లేదు! రిజిస్ట్రేషన్ రుసుమూ లేదు! కొటేషన్‌లో ఆ రెండు గళ్లూ ఖాళీగా ఉండాలి. ఏదైనా అంకె కనబడితే వేలు పెట్టి చూపించండి!

ఇప్పుడు కొంచెం గూఢచారి పని! కారు ఛాసిస్ నంబరులో సరిగ్గా 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు ఎప్పుడూ రావు! ఒకటితో, సున్నాతో పొరబడతారని తీసేశారు! చాలా కంపెనీలు పదో స్థానంలో తయారీ సంవత్సరాన్ని దాస్తాయి. అక్కడ 'ఎస్' ఉంటే 2025, 'టీ' ఉంటే 2026! జనవరిలో కొత్త కారు కొంటూ ఆ గుర్తు చూశారనుకోండి, అసలు పుట్టినరోజు బయటపడిపోతుంది!

నంబరు చదవడం కష్టమా? టైరు దగ్గర వంగండి! పక్క గోడ మీద 4 అంకెలుంటాయి. 3625 అని ఉంటే ఆ టైరు 2025లో 36వ వారంలో పుట్టిందన్నమాట! కారు ఎన్నాళ్లుగా ఎండకు ఎండిందో టైరే సాక్ష్యం చెబుతుంది! పాత ఏడాది కారైతే వద్దనక్కర్లేదు. తగ్గింపు మాత్రం గట్టిగా అడగాలి! రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాడు చూసేది ఆ సంవత్సరాన్నే మరి!

తెలుగువాడి చేతిలో ఓ ఆయుధముంది. ఆషాఢం! ఆ నెలంతా కొత్త బండి ఇంటికి తేకూడదని మనవాళ్ల పట్టింపు. షోరూంలో ఈగలు తోలుకుంటూ ఉంటారు! ఆషాఢం ఆఫర్ల బ్యానర్లు ఊరికే కడతారా? కిటుకేమిటంటే బేరం ఆషాఢంలో ఆడండి, ధర రాయించుకుని బుక్ చేయండి, బండి మాత్రం శ్రావణంలో తెచ్చుకోండి! 30 రోజుల ఓపిక! అత్తగారి మాటా దక్కుతుంది, తగ్గింపూ దక్కుతుంది! మహాలయ పక్షాల పదిహేను రోజుల్లోనూ ఇదే మంత్రం పనిచేస్తుంది.

యార్డులో నిలబడ్డ కారు ఊరికే నిలబడదు, వడ్డీ తింటూ నిలబడుతుంది! డీలరు దాన్ని అప్పు చేసి కంపెనీ నుంచి కొన్నాడు కదా! 2024 సెప్టెంబరు నాటికి దేశవ్యాప్తంగా డీలర్ల దగ్గర అమ్ముడుకాక పేరుకుపోయిన కార్ల విలువ ఎంతో ఊహించండి. ఫాడా లెక్క ప్రకారం 79,000 కోట్ల రూపాయలు! మీరు అడిగే మోడలు, ఆ రంగు యార్డులో ఎన్ని ఉన్నాయో మాటల్లో మాటగా అడగండి. "చాలా ఉన్నాయి సార్, ఈరోజే ఇస్తాం" అన్నాడా, బేరం మీ చేతికొచ్చినట్టే! "మూడు నెలలు ఆగాలి" అన్నాడా, కాఫీ తాగి లేవండి!

ఇది వింటే కుర్చీలోంచి లేస్తారు! డీలరు మీకు ఎక్కువ తగ్గిస్తే ఓ కార్ల కంపెనీ అతన్ని శిక్షించేదని తేల్చింది, మార్కెట్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్! కొనుగోలుదారుల వేషంలో మనుషులను షోరూంలకు పంపి, ఎవరు అదనంగా తగ్గిస్తున్నారో పట్టుకునేవారట! అచ్చం సినిమాలోలా! దొరికితే డీలరుకే కాదు, మేనేజరుకు, అమ్మిన కుర్రాడికీ జరిమానా! ఈ కేసులో 2021 ఆగస్టులో మారుతి సుజుకీకి కమిషన్ వేసిన జరిమానా 200 కోట్లు! కంపెనీ అప్పీలుకు వెళ్లి స్టే తెచ్చుకుంది. ఇలాంటి ఆరోపణ మీదే 2017లో హ్యుందాయ్‌కి పడిన 87 కోట్ల జరిమానాను అప్పీలు ట్రిబ్యునల్ మరుసటేడు కొట్టేసింది కూడా.

కేసుల సంగతి లాయర్లు చూసుకుంటారు. మనకు పనికొచ్చేది వేరే! ఒకే కంపెనీ కారును అమ్మే ఇద్దరు డీలర్లు ఒకరితో ఒకరు పోటీ పడగలరు! కాబట్టి ఒకే కారుకు 3 షోరూంల నుంచి కొటేషన్ తీసుకోండి, వాట్సాప్‌లో రాతపూర్వకంగా! కూకట్‌పల్లి కాగితం ఎల్బీనగర్‌లో, ఎల్బీనగర్ కాగితం సికింద్రాబాద్‌లో చూపించండి! పెట్రోలు ఖర్చు వస్తుంది, ఇంకా చాలా మిగులుతుంది! నోటి మాట ధర మాత్రం నమ్మకండి, అది గుమ్మం దాటగానే ఆవిరైపోతుంది!

అప్పు దగ్గరికొచ్చేసరికి అంకెలు గారడీ చేస్తాయి! "7 శాతమే సార్, ఫ్లాట్" అంటారు. ఎంత ముద్దొస్తుందో! 5 లక్షలు 5 ఏళ్లకు అలా తీసుకుంటే అసలు వడ్డీ ఎంతో తెలుసా? సుమారు 12.5 శాతం! మీరు నెలనెలా అసలు తీర్చేస్తున్నా మొత్తం 5 లక్షల మీదా వడ్డీ వేస్తూనే ఉంటారు మరి! "రెడ్యూసింగ్‌లో, అంటే మిగిలిన అసలు మీదే లెక్కేస్తే ఎంత?" అని ఒక్క ప్రశ్న వేయండి. ఎదుటి మనిషి సర్దుకుని కూర్చుంటాడు!

అలా అడగడానికి మొహమాటమా? అడగక్కర్లేదు, కాగితమే చెబుతుంది! 2024 అక్టోబరు 1 నుంచి అప్పు ఇచ్చే ప్రతి బ్యాంకూ, ఫైనాన్స్ కంపెనీ కీలక వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం! ఛార్జీలన్నీ కలిపి ఏడాదికి నిజంగా పడే శాతం అందులో ఉండాలి! ఆ ఒక్క అంకె చూడండి, చాలు!

"నెలకు ఎంత కట్టగలరు సార్?" ఈ ప్రశ్న వినగానే జాగ్రత్త! 9 శాతం వడ్డీకి 8 లక్షలు 5 ఏళ్లకైతే నెలకు 16,600 చిల్లర. ఎక్కువంటారా? 7 ఏళ్లకు సాగదీసి 12,900 లోపు చేసేస్తారు! హమ్మయ్య అనిపిస్తుంది! మొత్తం మీద మీరు అదనంగా కట్టేది దాదాపు 85 వేలు! కారు ధర ఒక్క రూపాయి తగ్గలేదు, పైగా అంత పెరిగింది, మీరేమో థ్యాంక్స్ చెప్పి వచ్చారు!

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మీ అబ్బాయికి ఇది చెప్పండి. అమెరికాలో కొత్త కారు కిటికీకి ధర, ఇంధన వివరాలతో ఒక కాగితం అంటించే ఉంటుంది. దాని పేరు మన్రోనీ స్టిక్కర్! కంపెనీ పేరేం కాదు, 1958లో ఆ చట్టం తెచ్చిన సెనేటరు పేరు! కొన్న మనిషి తప్ప ఇంకెవరూ దాన్ని పీకకూడదు! ఇంకో మాట, అక్కడ కారు కొన్న 3 రోజుల్లో తిరిగి ఇచ్చేయొచ్చని మనవాళ్లలో ఓ నమ్మకముంది. ఆ కేంద్ర నిబంధన షోరూంలో కొన్న కారుకు వర్తించదు! అక్కడ సంతకమంటే సంతకమే!

మనకూ రక్షణ లేకపోలేదు! షోరూంవాళ్లు అన్యాయంగా గుంజారనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ కొట్టండి! మాట వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజే లేదు! ఫిర్యాదు మీరే వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు!

ఇన్ని లెక్కలు చూసుకుని, 3 వేల ఫ్లోర్ మ్యాట్ల కోసం మూడు గంటలు పోరాడి, చివరికి మనవాళ్లు ఎక్కడ పడతారో తెలుసా? ఫ్యాన్సీ నంబరు దగ్గర! 2024 ఆగస్టులో ఖైరతాబాద్ రవాణా కార్యాలయంలో 9999 నంబరు ఒక్కటీ 25 లక్షల 50 వేలకు పైగా పలికింది! నంబరు మాత్రమేనండీ, కారు విడిగా!

మా బాబాయి అంత దూరం వెళ్లలేదు లెండి. రెండోసారి కళ్లజోడు పెట్టుకుని వెళ్లాడు. హ్యాండ్లింగ్ కొట్టేయించాడు, బీమా బయట తీసుకున్నాడు, నో క్లెయిం బోనస్ కాగితం బల్ల మీద పెట్టాడు. మొత్తం మిగిలింది 31 వేలు! తాళాలు చేతికిచ్చి ఫొటో తీస్తుంటే కుర్రాడు అలసిపోయిన మొహంతో అడిగాడు, "ఇంకేమైనా కావాలా అంకుల్?" బాబాయి చుట్టూ చూసి అన్నాడు: "టైర్ల కింద పెట్టడానికి 4 నిమ్మకాయలుంటే ఇవ్వు బాబూ, కొసరుగా!"